డిగ్రీ మూడేళ్లలో పిల్లల రాత ఎదుగుతుందా, ఇంటర్ దగ్గరే ఆగిపోతుందా?

ఎకనామిక్స్ మేడమ్

మా స్టాఫ్‌రూమ్‌లో తెగని పంచాయితీ ఒకటి ఇక్కడికి తెస్తున్నాను. ప్రకాశం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మొన్న ఫైనలియర్ పిల్లల ఇంటర్న్‌షిప్ రిపోర్టులు చూస్తుంటే మా ఇంగ్లిష్ సార్ ఒక కాగితం తీసుకుని చదివి, "మూడేళ్లు చదివాక ఇదా రాత? ఫస్టియర్‌లో ఇంతకన్నా శుభ్రంగా రాసేది ఈ పిల్ల" అన్నారు. అదే కాగితం చూసి నేనేమో పిల్ల ఎదిగిందని మురిసిపోతున్నాను.

ఆ అమ్మాయిని అడిగే, పేరు లేకుండా రెండూ ఇక్కడ పెడుతున్నాను. మొదటిది ఫస్టియర్ అసైన్‌మెంట్:

"భారతదేశము వ్యవసాయ ప్రధానమైన దేశము. మన దేశంలో పేదరికము ఒక ప్రధాన సమస్యగా ఉన్నది. పేదరిక నిర్మూలనకు ప్రభుత్వము అనేక పథకములను ప్రవేశపెట్టినది. వాటిలో స్వయం సహాయక బృందములు ముఖ్యమైనవి. ఇవి మహిళల ఆర్థిక స్వావలంబనకు, సామాజిక సాధికారతకు ఎంతగానో తోడ్పడుచున్నవి."

రెండోది ఫైనలియర్‌లో మండల సమాఖ్య (మండలంలోని మహిళా సంఘాలన్నిటికీ పై సంస్థ) ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసి రాసిన రిపోర్టుకు చిత్తుప్రతి. అసలు కాపీ ఇంగ్లిష్‌లో ఇవ్వాలి గానీ, నేను ముందు తెలుగులో రాసి తెమ్మంటాను.

"సంఘం పుస్తకంలో అప్పు దేనికి అనే చోట ఎక్కువ మందికి గేదె అని రాసి ఉంది. నేను మాట్లాడిన వాళ్లలో గేదె కొన్నవాళ్లు తక్కువ, ఆ డబ్బులు పిల్లల ఫీజుకి ఆసుపత్రికి పాత బాకీకి పోయినాయి అని చెప్పారు. ఇది తప్పుగా వాడటం అనుకున్నాను కాని కాలేజీ వాళ్లు ఫీజు కట్టమంటే గేదె ఈని పాలిచ్చేదాకా ఆగరు కదా. కిస్తీ మాత్రం అందరూ కడుతున్నారు, కూలికి పోయి కడుతున్నారు. అప్పుడు దీన్ని ఆదాయం పెంచే అప్పు అని లెక్కలో చూపించటం అనేది, అంటే అప్పు తీరింది కాబట్టి పథకం పనిచేసింది అని అనుకోవటం అనేది నాకు సరిగ్గా"

అక్కడితో ఆగిపోయింది. వాక్యం ముగించలేదు. ఇప్పుడు చెప్పండి, ఈ పిల్ల రాత పెరిగిందా, తరిగిందా?

పాత సిరాబుడ్డి

తరిగింది. ఇందులో పంచాయితీకి ఏముందమ్మా? ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైన వాణ్ణి, మొహమాటం లేకుండా అంటున్నాను. "ఫీజుకి ఆసుపత్రికి పాత బాకీకి" మధ్య కామా లేదు. "అనేది" రెండుసార్లు వచ్చి రెండుసార్లూ గాల్లోనే ఉంది. రిపోర్టులో "కదా" ఏమిటి, పక్కింటావిడతో కబుర్లా? ఒక పేరాలో చెప్పాల్సిన రెండు సంగతులు (డబ్బు దేనికి పోయింది, దాన్ని లెక్కలో ఎలా చూపించారు) కలగాపులగం అయ్యాయి. చివరి వాక్యానికి క్రియే లేదు.

ఆ అమ్మాయి తెలివైనదే, ఒప్పుకుంటాను. కానీ మీరు అడిగింది తెలివి గురించి కాదు, రాత గురించి. చూసినదాన్ని నలుగురికీ అర్థమయ్యేలా కాగితం మీద పెట్టడమే రాత. లోపల ఉన్న మంచి ఆలోచనను పాఠకుడు వెతికి తీసుకోవాలా?

రికార్డు రాజా

బీటెక్ ఫైనలియర్ ఇక్కడ. నాలుగేళ్లలో నా రాతలో వచ్చిన మార్పు ఒక్కటే: ఫస్టియర్‌లో సీనియర్ రికార్డు చూసి రాసేవాణ్ణి, ఇప్పుడు జూనియర్లు నాది చూసి రాస్తున్నారు.

ఓరుగల్లు పోరడు

మేడమ్, నేను బీఏ ఫైనలియర్, వరంగల్. నాకు తెల్సినంతల జెప్త.

మాకు డిగ్రీల రాసుడు అంటే పరీక్ష రాసుడే. దానికొక పద్ధతుంటది. పరిచయం అని సైడ్ హెడ్డింగు పెట్టాలె, నల్ల పెన్నుతోని గీత గొట్టాలె. ఒక నిర్వచనం రాయాలె, దానికి ఎవరిదో ఒక పేరు తగిలియ్యాలె. తర్వాత పాయింట్లు. పాయింట్లు ఒడిస్తే, మొదట రాసిందే మాట మార్చి ముగింపుల రాయాలె. బుక్‌లెట్ నిండకుంటే అక్షరం పెద్దగ జెయ్యాలె, రెండు గీతల నడుమ జాగ ఎక్కువిడువాలె. ఇది ఏ సారూ క్లాసుల చెప్పలే, సీనియర్లే చెప్పిండ్రు. మంచిగనే పనిచేస్తది. నాకు ఫస్ట్ క్లాస్ మార్కులున్నయ్.

ఈ మూడేండ్లల నేను రాసిన ఆన్సర్ పేపరు ఒక్కటన్న మళ్ల నా చేతిల బెట్టి, ఇగో ఇక్కడ నువ్వన్నది నాకు సమజ్ గాలే అని చెప్పినోళ్లు లేరు. సెమిస్టర్ పేపర్లు పోతయ్, మార్కులొస్తయ్. ఇంటర్నల్ అసైన్‌మెంట్ మీద ఎర్ర టిక్కు, కింద సంతకం. నడుమ పేజీల సినిమా కథ రాసినా గదే టిక్కు. మా దోస్తొకడు నిజంగనే రాసిండు, పూరా మార్కులొచ్చినయ్.

సిరాబుడ్డి సారూ, మీరు ఆ అక్కను కామా లేదంటున్నరు. ముందుగాల ఆమె రాసింది ఒకరు సద్విండ్రు, గది సూడున్రి.

పాత సిరాబుడ్డి

బాబూ, నువ్వన్నది నిజమే, కానీ దాంతో మేడమ్ వాదన నిలబడదు. పైగా కూలుతుంది. ఆ మొదటి పేరా అమ్మాయిది కాదు, గైడుది. "ఎంతగానో తోడ్పడుచున్నవి" అని ఈ కాలంలో ఏ పద్దెనిమిదేళ్ల పిల్లా తనంతట తాను రాయదు. అంటే మనం ఇక్కడ గైడు రాతనూ అమ్మాయి రాతనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఫస్టియర్‌లో ఆ పిల్లకు సొంతంగా రాయమని ఎవరైనా చెబితే ఏం రాసేదో మనకు తెలియదు. ఇదే పేరా అప్పుడే రాసేదేమో! అలాంటప్పుడు "ఎదిగింది" అని ఎలా అంటారు?

డాలస్ నుంచి

సిరాబుడ్డి గారి ప్రశ్న సరైనది. పిల్లలు సొంతంగా రాసినవి మొదటి ఏడాది నుంచి పోగేస్తే తప్ప ఎదుగుదల కనిపించదు. అమెరికాలో ఆ పని చేశారు. నేనిక్కడ పీహెచ్‌డీ చేస్తూ టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) పేపర్లు దిద్దుతుంటాను కాబట్టి ఈ గొడవ నాకు రోజూ ఉండేదే.

స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రియా లన్స్‌ఫర్డ్ బృందం 2001లో చేరిన 189 మంది విద్యార్థులను అయిదేళ్లపాటు వెంబడించింది. క్లాసుకు రాసినవీ, బయట రాసినవీ అన్నీ కలిపి సుమారు 15,000 రాతలు పోగయ్యాయి. అందులో 38 శాతం క్లాసుతో సంబంధం లేనివి: బ్లాగులు, ఈమెయిళ్లు, నాటకాలు, కవితలు, ఇలా. క్లాసులో ఏం రాశారని మాత్రమే చూస్తే మూడో వంతుకు పైగా రాత మన కంటపడదన్నమాట.

హార్వర్డ్‌లో నాన్సీ సోమర్స్ 2001లో పట్టా పుచ్చుకోవాల్సిన బ్యాచ్ నుంచి 400 మందికి పైగా తీసుకుని నాలుగేళ్లూ గమనించారు. "నాకిది కొత్త, నేను నేర్చుకోవడానికి వచ్చాను" అనుకున్న పిల్లలు ముందుకు సాగారనీ, స్కూల్లో మార్కులు తెచ్చిపెట్టిన పాత పద్ధతినే పట్టుకుని వేలాడినవాళ్లు వెనకబడ్డారనీ ఆవిడ రాశారు. మాస్టార్లు కాగితం అంచున రాసే వ్యాఖ్యల మీద కూడా చాలా పనిచేశారు.

మేడమ్ పెట్టిన రెండో పేరా గురించి ఒక మాట. రాత మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదే ఇది. పని కష్టమైనప్పుడు, అప్పటిదాకా బాగున్న వాక్యం కాసేపు చెడుతుంది. తెలిసిన సంగతిని తెలిసిన అచ్చులో పోసినప్పుడు తప్పులు రావు. సొంతంగా ఒక విషయం తేల్చాలని కూర్చుంటేనే వాక్యం తడబడుతుంది. ఆ అమ్మాయి ఆగిపోయిన చోటు చూడండి. "అప్పు తీరడం వేరు, ఆదాయం పెరగడం వేరు" అని చెప్పబోయి ఆగింది. సులువైన చోట ఆగలేదు.

అవతలి పక్షం కూడా చెప్పాలి కదా. రిచర్డ్ ఏరమ్, జోసిపా రోక్సా 2011లో ప్రచురించిన అధ్యయనంలో 24 కాలేజీల్లో 2,300 మందికి పైగా పిల్లలకు ఒక రాత పరీక్ష పెట్టారు. ఆలోచన, తర్కం, రాత మూడూ కలిపి కొలిచే పరీక్ష అది. మొదటి రెండేళ్లలో 45 శాతం మందిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. ఒక సెమిస్టర్ మొత్తంలో ఏ ఒక్క కోర్సులోనూ 20 పేజీలకు మించి రాయాల్సిన అవసరం రాలేదని సగం మంది చెప్పారు. కాబట్టి అమెరికాలో అందరూ ఎదిగిపోతున్నారని కూడా కాదు.

రికార్డు రాజా

అన్నా, సెమిస్టర్‌కి 20 పేజీలా? మేం ఒక్క ల్యాబ్ రికార్డులోనే అంతకన్నా ఎక్కువ రాస్తాం. ఎయిమ్, అపారటస్, ప్రొసీజర్, అబ్జర్వేషన్స్, ప్రికాషన్స్, రిజల్ట్. "హెన్స్ వెరిఫైడ్." ప్రయోగం ఫెయిలైనా వెరిఫైడే. రీడింగులు తేడా వస్తే గ్రాఫ్‌కి సరిపోయేలా రీడింగులు మార్చడం వచ్చుగానీ, ఎందుకు తేడా వచ్చిందో రెండు వాక్యాలు రాయడం మా బ్యాచ్‌లో ఎవరికీ రాదు. అలా రాస్తే సార్ రికార్డు వెనక్కి విసిరేస్తారు, "రిజల్ట్ రాలేదా? మళ్లీ రాసుకురా" అని.

ఇక మెయిన్ ప్రాజెక్టు. అమీర్‌పేటలో ప్రాజెక్టు సెంటర్లు ఎందుకున్నాయో అందరికీ తెలుసు. కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాలో ఏమడుగుతారో ఆ ప్రశ్నలు, అన్నీ కలిపి ప్యాకేజీ. బైండింగ్ మాత్రం మనమే చేయించుకోవాలి.

పాత సిరాబుడ్డి

డాలస్ బాబూ, నువ్విచ్చిన లెక్కలు బాగున్నాయి. కానీ స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్ పిల్లల్ని తెచ్చి మా మార్కాపురం పిల్లల పక్కన నిలబెడితే ఏం తెలుస్తుంది? అక్కడ చేరేవాడు చేరడానికే వ్యాసాలు రాసి చేరతాడు. మనవాడు ఇంటర్ మార్కులతోనో, ఎంట్రెన్సులో ఆప్షన్లు గుర్తించో చేరతాడు. ఇంటర్ రెండేళ్లూ సొంత వాక్యం ఒక్కటి రాయకుండా కాలేజీ గడప తొక్కుతాడు. వాడికి మొదట వాక్యం నేర్పాలి. వాక్యం రాకుండా ఆలోచన నేర్పుతామనడం గోడలు కట్టకుండా కప్పు వెయ్యడమే.

పేజీల లెక్క కూడా మనకు పనికిరాదు. పేజీలు నింపడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. ఒక్క పరీక్షల సీజన్‌లో నింపేవి చాలు.

ఎకనామిక్స్ మేడమ్

సిరాబుడ్డి సార్, మొదటి పేరా గైడుదే. మరీ ఆ మాట దాచాలని కాదు, క్లాసులో అందరూ అదే రాశారు, కామాతో సహా. కాబట్టి మూడేళ్ల ఎదుగుదలకు అది సాక్ష్యం కాదన్న మీ మాటకు జవాబుగా ఇంకొకటి పెడతాను. అదే ఇంటర్న్‌షిప్ రిపోర్టుకు ఆ అమ్మాయి మొదట తెచ్చిన ప్రతి ఇది:

"స్వయం సహాయక సంఘాల ద్వారా మహిళలు రుణాలు పొంది పాడి పశువులు కొనుగోలు చేసి ఆర్థికంగా అభివృద్ధి చెందుతున్నారు."

అంటే ఫైనలియర్‌లో కూడా మొదట రాసింది గైడు వాక్యమే, కాస్త వాడుక భాషలోకి మారిందంతే. నేను దాని పక్కన పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న రాసి తిరిగిచ్చాను: "ఈ మాట నీకెవరు చెప్పారు?" ఆమెకు కోపం వచ్చింది. "సంఘం పుస్తకంలోనే ఉంది మేడమ్" అంది. పుస్తకంలో పేరున్న ఆవిడను చూశావా అన్నాను. వెళ్లింది. రెండు మూడు వారాలకు మీరు పైన చదివిన పేరా వచ్చింది. కామాలు లేవు, నిజమే. నేను పెట్టలేదు కూడా. కావాలనే పెట్టలేదు. ఆ దశలో ఎర్ర పెన్ను తీస్తే పిల్ల మళ్లీ "ఎంతగానో తోడ్పడుచున్నవి"లోకి పారిపోతుంది. చాలామందిని చూశాను అలా.

గోదారి గట్టు

మేడమ్ గారూ, మీకు తెలియకుండానే మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పేశారండి. మార్పు మూడేళ్లలో రాలేదు, మూడు వారాల్లో వచ్చింది. మూడేళ్లు ఊరికే గడిచిపోయాయి. ఎవరో ఒకరు చదివి, ప్రశ్న అడిగి, వెనక్కిచ్చిన ఆ మూడు వారాల్లోనే పిల్ల కదిలింది. "డిగ్రీలో రాత ఎదుగుతుందా" అని అడగడమే తప్పు ప్రశ్న అనిపిస్తోందండి నాకు. డిగ్రీ అనేది కాలం. కాలానికి రాత ఎదగదు.

నేను పత్రికలో డెస్క్ మీద పనిచేస్తాను. కొత్తగా చేరేవాళ్లకు పెట్టే రాత పరీక్ష పేపర్లు చాలా దిద్దానండి. అందరూ డిగ్రీవాళ్లే. ఒక ప్రమాదం వివరాలు విడివిడిగా ఇచ్చి వార్త రాయమంటాం. ఎక్కువ మంది "నేటి ఆధునిక సమాజంలో రోడ్డు ప్రమాదాలు ఒక ప్రధాన సమస్యగా మారాయి" అని ఎత్తుకుంటారు. చచ్చిపోయినవాళ్లు నాలుగో పేరాలో గానీ రారు. పదిమందిలో ఒకరో ఇద్దరో మాత్రం "నర్సాపురం దగ్గర లారీ, ఆటో ఢీకొని" అని నేరుగా మొదలెడతారు. వాళ్లను ఇంటర్వ్యూలో అడుగుతాను, ఎక్కడ నేర్చుకున్నారని. ఏ ఒక్కరూ కాలేజీ పేరు చెప్పలేదండి ఇంతవరకు. ఒకబ్బాయి ఊరి చెరువు గురించి కలెక్టరేట్‌లో అర్జీలు రాసి రాసి నేర్చుకున్నాడు. ఒకమ్మాయి ఫోన్‌లో సీరియల్ కథలు రాసేది. కింద పాఠకులు "నిన్నటి భాగంలో బావ పేరు వేరే కదా" అని తిడుతుంటే జాగ్రత్త అలవాటైందట. డాలస్ వారు చెప్పిన 38 శాతం మన దగ్గర ఇంకా ఎక్కువే ఉంటుందని నా అనుమానం.

గిడుగు వారు 1919లో "తెలుగు" అని పత్రికే పెట్టి గ్రాంథికం మీద పోరాడారు. వందేళ్లు దాటినా డిగ్రీ ఫస్టియర్ అసైన్‌మెంట్‌లో "ప్రవేశపెట్టినది" బతికే ఉంది చూడండి. గైడ్ల పుణ్యం.

గంటకింత

నేను గెస్ట్ లెక్చరర్‌ని, కర్నూలు వైపు. అందరూ చదివి వెనక్కియ్యాలంటున్నారు. బాగుందప్పా. ఎవరు చదవాల?

నాకు క్లాసు గంటకు ఇంత అని ఇస్తారు. గంట అంటే నల్లబల్ల ముందు నిలబడిన గంట. ఇంట్లో కూర్చుని అరవై మంది కాగితాలు చదివిన గంటకు రూపాయి రాదు. ఒక్కో కాగితానికి పది నిమిషాలు పెట్టుకున్నా ఒక సెక్షన్‌కు పది గంటలు. నాకు మూడు సెక్షన్లున్నాయి. సెలవులిస్తే ఆ నెల డబ్బు తగ్గిపోతుంది కాబట్టి ఇంకో ప్రైవేటు కాలేజీలో కూడా చెప్తాను. టిక్కు కొట్టకుండా ఏం చేయమంటారు?

వాల్యుయేషన్‌కు పోతే ఇంకో కథ. కట్టలు కట్టలు ఉంటాయి, సాయంత్రానికి తేలాల. పేపరుకు అయిదారు నిమిషాలు దొరికితే గొప్ప. అందులో ఎవడు సొంతంగా ఆలోచించాడో వెతకడం కంటే సైడ్ హెడ్డింగులు చూడటమే తేలిక. వరంగల్ తమ్ముడు చెప్పిన పద్ధతి మేం నేర్పలేదు గానీ, మా వల్లనే పుట్టింది. కాదనను.

ఓరుగల్లు పోరడు

గంటకింత సార్, మిమ్మల్ని అంటలేను. ఇంకో ముచ్చట యాదికొచ్చింది.

మా అన్న గ్రూప్-1కు ప్రిపేర్ అవుతుండు, హైదరాబాద్ అశోక్‌నగర్‌ల ఉంటడు. మెయిన్స్‌ల జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులకు. మూడు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి పదాలు. డిగ్రీ అయినోళ్లు, పీజీ అయినోళ్లు, ఇంజినీరింగ్ అయినోళ్లు అందరు ఆడ కోచింగ్ సెంటర్లకు ఫీజు గట్టి వ్యాసం రాసుడు నేర్చుకుంటున్నరు. ఏం నేర్పుతరన్నా అనడిగితే, "ఏం నేర్పరు రా, టెస్ట్ సిరీస్ ఉంటది. మనం రాస్తం, వాళ్లు దిద్ది తిరిగిస్తరు, గంతే" అన్నడు. ఆ దిద్దిన కాగితం నాకు సూపెట్టిండు. పక్కన రాసి ఉంది: "ఉదాహరణ లేదు", "ఇది పైన చెప్పారు", "మీ అభిప్రాయం ఏది?" మూడో టెస్టుకు మా అన్న వ్యాసం పూరా మారింది.

గంటకింత సార్ మాట నిజమే, పుక్కట్ల ఎవరు సద్వరు. పదిహేనేండ్లు సదువుకున్నోడు తన కాగితం ఒకరు సదువుతందుకు పైసలు కడుతున్నడు.

బందరు అమ్మాయి

అందరూ తెలుగులో రాత గురించి మాట్లాడుతున్నారు. మాకు పరీక్ష ఇంగ్లిష్‌లో అండీ. 2021-22 నుంచి ఆంధ్రాలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం చేశారు కదా. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీకామ్ సెకండియర్.

నా సంగతి చెబుతాను. ఇంటర్ దాకా సొంతంగా రాసేదాన్నే, వ్యాసరచనలో ప్రైజులు కూడా వచ్చాయి. ఇప్పుడు "వర్కింగ్ క్యాపిటల్ ఎందుకు కావాలి" అంటే మా నాన్న కిరాణా కొట్టులో పండగ ముందు సరుకు ఎత్తడానికి డబ్బు ఎలా తిరుగుతుందో తెలుగులో రెండు పేజీలు రాయగలను. ఇంగ్లిష్‌లో మాత్రం పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలే రాస్తాను, ఎందుకంటే అయిదో వాక్యం నాది అవుతుంది, దాంట్లో టెన్స్ తప్పొస్తుంది, మార్కు పోతుంది. నాకు రాత తగ్గిందో పెరిగిందో మీరే చెప్పాలి.

ఇంగ్లిష్ వద్దని కాదు. ఉద్యోగానికి అదే కావాలి, నాకూ తెలుసు.

పాత సిరాబుడ్డి

తల్లీ, నీది తగ్గడం కాదు, నోరు నొక్కేయడం. ఈ ఒక్క విషయంలో మేడమ్ పక్షాన ఉంటాను. ముందు తెలుగులో రాయించి తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చమనడం మంచి పద్ధతి. నేనూ సమర్థిస్తాను.

కానీ ఎర్ర పెన్ను తియ్యనన్న మాట ఒప్పుకోను. మీరు ప్రశ్న అడిగారు, బాగుంది. ఆలోచన వచ్చింది, బాగుంది. ఆ తర్వాత వాక్యం ఎవరు దిద్దుతారు? రేపు ఆ పిల్ల బ్యాంకులో చేరి ఒక ఉత్తరం రాస్తే మేనేజరు "నీ ఆలోచన గొప్పది" అనడు, "ఇదేం రాతమ్మా" అంటాడు. ఆ మాట మీరే ముందు అనాలి.

డాలస్ నుంచి

దిద్దడం వద్దని ఆవిడ అనలేదు సార్. ఆ దశలో వద్దన్నారు. ముందు విషయం తేలనివ్వాలి, చివరి ప్రతిలో వాక్యం దిద్దాలి. ఇక్కడ కూడా గొడవంతా ఆ వరస మీదే.

నేను ఇంకో భయం చెబుతాను. మనవాళ్లు ఇక్కడికి ఎంఎస్‌కి వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్‌లో చాలామంది దొరికిపోయేది కోడింగ్‌లో కాదు, రిపోర్టుల్లో. నెట్‌లోంచి పేరాలు తెచ్చి అతికించడం తప్పని వాళ్లకు నిజంగానే తెలియదు. నాలుగేళ్లు రికార్డులు ఎక్కించిన చేతికి అది దొంగతనంగా కనిపించదు. రిపోర్టు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెట్టగానే సగం పేజీ రంగులతో వెలుగుతుంది, కాపీ కేసులు చూసే ఇంటిగ్రిటీ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది, కుర్రాడు ఏడుస్తూ నా దగ్గరికి వస్తాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక రూపం మారింది, అంతే. అప్పటిదాకా గైడు వాక్యం అందరిదీ ఒకటే కాబట్టి దొరికేది. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో గైడు.

రికార్డు రాజా

దాని గురించి ఎవరూ ఎత్తరేంటా అని చూస్తున్నా. మా క్లాసులో ఇప్పుడు అందరి అసైన్‌మెంట్లూ తప్పుల్లేకుండా ఉంటాయి. సిరాబుడ్డి సార్‌కి కామాలన్నీ దొరుకుతాయి. హ్యాపీనా సార్?

పాత సిరాబుడ్డి

వెటకారం బాగానే వచ్చింది నీకు. అది మాత్రం సొంతంగా రాసినట్టున్నావు.

ఎకనామిక్స్ మేడమ్

రాజా అడిగింది నవ్వులాటకే అయినా నన్ను ఇబ్బంది పెట్టింది. మచ్చలేని పేరా తెస్తే ఇప్పుడు నాకు సంతోషం కలగడం లేదు, అనుమానం కలుగుతోంది. అది మంచి లక్షణం కాదు, బాగా రాసే పిల్లకు అన్యాయం. అందుకే ఈ ఏడు రెండు పనులు చెయ్యాలనుకుంటున్నాను. కాగితం క్లాసులోనే చేత్తో రాయించడం ఒకటి. అసైన్‌మెంట్‌కు ఉన్న ఇంటర్నల్ మార్కుల్లో సగం మొదటి ప్రతికి కాకుండా, నా ప్రశ్న చూశాక తిరగరాసిన రెండో ప్రతికి ఇవ్వడం ఇంకొకటి.

గంటకింత గారూ, మీరన్న పది గంటలు నాకూ లేవు. అందుకని అరవై మందివీ ఒకేసారి తీసుకోను. వారానికి పదిమంది. ఒక్కో కాగితం మీద ఒక్క ప్రశ్న, అంతకు మించి రాయను. ప్రశ్న రాయడానికి రెండు మూడు నిమిషాలు చాలు, దిద్దడానికే పది నిమిషాలు పట్టేది. సెమిస్టర్ అయ్యేసరికి ఒక్కొక్కరికి ఒకటి రెండుసార్లు వస్తుంది. తక్కువే. సున్నా కన్నా నయం. మిమ్మల్ని చెయ్యమనడం లేదు. జీతం లేని పని చెయ్యమని నేనెవర్ని అడగగలను? నాకు రెగ్యులర్ పోస్టు ఉంది కాబట్టి నాకు కుదురుతుంది.

గంటకింత

ఒక్క ప్రశ్న అంటే చూడొచ్చు మేడమ్. మూడు సెక్షన్లలో ఒక సెక్షన్‌కు. ప్రిన్సిపాల్‌కు చెప్పకుండానే మొదలుపెడతా, చెప్తే ఫార్మాట్ తెమ్మంటాడు.

పాత సిరాబుడ్డి

రెండో ప్రతికి మార్కులా! మీకు పిల్లలు తెలియరమ్మా. మొదటిది కావాలని చెత్తగా రాసి తెస్తారు, రెండోది ముందే రాసి జేబులో పెట్టుకుంటారు. ఎంత ఎదిగాడో అని మీరు మార్కులేస్తారు.

ఓరుగల్లు పోరడు

నిజం జెప్పాల్నంటే సార్, నేనైతే గట్లనే జేస్త.

ఎకనామిక్స్ మేడమ్

చెయ్యి నాయనా. కాకపోతే నేనేం ప్రశ్న రాస్తానో నీకు ముందు తెలియదు కదా, జేబులో ఉన్న రెండో ప్రతి దానికి జవాబు చెప్పాలి మరి. సిరాబుడ్డి సార్, ఆ అమ్మాయి చివరి వాక్యం పూర్తి చేసి తెచ్చింది. పేరాను రెండుగా విడగొట్టింది. "కదా" మాత్రం తియ్యనంటోంది. రేపు టైప్ చేసి పెడతాను, ఈసారి ఎర్ర పెన్ను మీరే పట్టుకోండి.